ఇనుప తెప్ప ఊడిన రోజు

రిటైరైన ఇంజినీరును కదిలిస్తే తను కట్టిన ప్రాజెక్టుల గురించి చెబుతాడు. నాకు ఆ గొప్ప లేదు. నీటిపారుదల శాఖలో ఇన్నేళ్లు పనిచేసి నేను కట్టింది దాదాపు ఏమీ లేదు. ఇతరులు కట్టిన గేట్లకు గ్రీజు పెట్టించాను, తుప్పు పట్టిన గొలుసులు మార్పించాను, కట్ట మీద మొలిచిన తుమ్మలు కొట్టించాను. మెయింటెనెన్స్ అంటే ఏమీ జరగకుండా చూసుకోవడమే. ఏమీ జరగనంత కాలం మనం ఒకళ్లం అక్కడ ఉన్నామని కూడా ఎవరికీ తెలియదు. ఇప్పుడు కొలువులో చేరుతున్న పిల్లలు ఎదురైనప్పుడు, "మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏంది మేడం?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మనుషుల పేర్లు, ప్రాజెక్టు పేరు చెప్పను. ఇందులో ఉన్నవాళ్లు చాలామంది ఇప్పటికీ ఆ నీళ్ల పక్కనే బతుకుతున్నారు.

మాది కాగజ్‌నగర్. నా సర్వీసు చివరి ఏళ్లలో, అడవుల్లోంచి దిగి గోదావరి వైపు పోయే ఒక వాగు మీద కట్టిన ప్రాజెక్టుకు డీఈగా, అంటే డిప్యూటీ ఇంజినీరుగా వేశారు. మట్టికట్ట, మధ్యలో కాంక్రీటు స్పిల్‌వే, దానికి ఐదు గేట్లు. ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిన ఊరివాళ్లకు బ్యాక్‌వాటర్ ఒడ్డునే పునరావాస కాలనీ ఇచ్చారు. అందులో సగం చేపలు పట్టే కుటుంబాలు, సగం కూలీనాలీ చేసుకునే మెథడిస్టు కుటుంబాలు. కాలనీలో అన్నిటికంటే మెరక మీద రేకుల కప్పుతో చిన్న చర్చి ఉండేది. మా ఇంట్లోవాళ్లమూ అదే సంఘం కాబట్టి ఇంటికి వెళ్లలేని ఆదివారాలు నేను అక్కడికే ఆరాధనకు వెళ్లేదాన్ని. అందుకే కాలనీలో నన్ను 'మన మేడం' అనేవారు.

కాలనీ ముందర నీళ్లు లోతు ఉండవు. ఒడ్డు నుంచి చాలా దూరం నడిచినా నడుము దాటవు. అక్కడి గడ్డిలోనే చేపలు గుడ్లు పెడతాయి. పొద్దున వలలు తీసే పడవలన్నీ ఆ నీళ్ల మీదుగానే పోయిరావాలి. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే బయటపడ్డ శిఖం భూమిలో పుచ్చ, దోస పెట్టుకునేవారు. కొత్తవాళ్లకు అది వట్టి బురద మడుగులా కనిపిస్తుంది. కాలనీకి అదే పొలం, అదే బాట.

ఆ బురద మడుగును ఆనుకుని ఒకాయన భూమి కొన్నాడు. బొగ్గు టిప్పర్లు తిప్పి పైకొచ్చినవాడు, మాట మెత్తన. ఒడ్డున కాటేజీలు కట్టాడు. నీళ్లలో పెద్ద పడవల రేవు కట్టాలనుకున్నాడు. "కరీంనగర్ నుంచి శని, ఐతారాలు వస్తరు మేడం. బాసర పోయొచ్చే బస్సులు సుత ఇటు తిప్పుకుంట," అని నా దగ్గర ఉత్సాహంగా చెప్పాడు. నీళ్లు లోతు లేవు కాబట్టి, పెద్ద పడవ ఆగాలంటే రేవును పాత వాగు పారిన లోతుదాకా పొడిగించాలి. అలా ఒడ్డు నుంచి ఇనుప స్తంభాల మీద పొడుగాటి నడకదారి, దాని చివర మా ఆఫీసు కంటే పెద్దదైన తేలే వేదిక, వేదిక మీద రేకుల హోటలు. వేదికను కాలనీవాళ్లు 'ఇనుప తెప్ప' అన్నారు. తర్వాత మేమూ అదే అన్నాం.

అనుమతి వేరే శాఖది. మా శాఖ అభ్యంతరం లేదని రాస్తే చాలు. నేను అభ్యంతరం ఉందని రాశాను. వరదలో ఆ వేదిక ఊడితే నేరుగా గేట్ల మీదికి వస్తుందని నా భయం. నా పైఅధికారి, మా ఈఈ సారు ఆ కాగితం పట్టుకుని నన్ను పిలిచాడు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. ఎవరితోనూ గొడవ పెట్టుకోడని శాఖలో పేరు.

"మేడం, పైనుంచి ఫోన్లు వస్తున్నయి. మీరు వద్దంటే ఇంకొకలతోని రాయించుకుంటరు. షరతు పెట్టుండ్రి. షరతు మన చేతుల ఉంటది."

షరతు పెట్టాం. వానలు మొదలయ్యేలోపు తెప్పను ఒడ్డుకు గుంజి కట్టెయ్యాలి. కాగితం మీద చూస్తే చాలా బాగుంది.

చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు వినడానికి మండల ఆఫీసులో సమావేశం పెట్టారు. అప్పటికే స్తంభాలు సగం దిగిపోయాయి. కాలనీ తరఫున మత్స్య సంఘం అధ్యక్షుడు వచ్చాడు. ఆయన తక్కువ మాట్లాడతాడు. పక్కన ఆయన భార్య కూర్చుంది. కట్ట రోడ్డు మీద చేపలమ్మే మనిషి, ఎవరికీ జంకదు.

"మా పడవలు యాడికెళ్లి పోవాలె సారూ?" అని అడిగింది. "గా స్తంభాల నడుమ వలలు చిక్కుతున్నయి. మోటారు పడవలు తిరిగితే గుడ్లు పెట్టే చాప నిలుస్తదా? ఎండాకాలం నీళ్లు ఎనుకకు పోతే గీయన కాల్వ తోడుతనంటుండు. తోడితే మా శిఖం యాడుంటది?"

రేవు కడుతున్న ఓనర్ లేచి చేతులు జోడించాడు. "మీ పిలగాండ్లకు కొలువులిస్త అక్కా. ఫికర్ చెయ్యకుండ్రి."

"పిలగాండ్లకు ఇస్తవు సరే. మేమేం పట్టుకొని తినాలె?"

అధికారి అన్నీ రాసుకున్నామని చెప్పి లేచాడు. బయటికొచ్చాక ఆమె నా దగ్గర ఆగింది. "రాసుకున్నరు గద మేడం. మల్ల స్తంభాలు పీకుతరా?" అంది. నేను షరతు సంగతి చెప్పాను. ఆమె విని వెళ్లిపోయింది.

ఆ తర్వాత కాలనీలో మనశ్శాంతి లేదు. కొలువుల మీద ఆశ పడినవాళ్లు ఒకవైపు, మిగతావాళ్లు ఒకవైపు. వలలు తెగిపోయి కనిపించేవి. కాటేజీల ముందు ఆగిన కార్ల టైర్లలో గాలి పోయేది. పోలీసులు వచ్చి ఇద్దరిని తీసుకెళ్లి సాయంత్రం వదిలారు. చర్చిలో నా పక్కన కూర్చునే ఆడవాళ్లు కొంచెం జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ల తప్పు లేదు. నా జీపు ఓనరు గేటు ముందు ఆగడం అందరూ చూస్తున్నారు. నేను నోటీసు ఇవ్వడానికే వెళ్తున్నానని జీపు మీద రాసి ఉండదు కదా.

నోటీసులు చాలానే ఇచ్చాను. ఎండాకాలం నీళ్లు తగ్గి తెప్ప బురదలో కూర్చుంది. అప్పుడే తీసెయ్యమన్నాను. "క్రేన్ దిగబడుతది మేడం. నీళ్లు రానీయిండ్రి, తేలంగనే గుంజిస్త," అన్నాడు ఓనర్. నీళ్లు వచ్చాయి, తెప్ప తేలింది, దాంతో పాటే జనం కూడా వచ్చారు. "గీ ఐతారం కానీయిండ్రి," అన్నాడు. ఆ ఆదివారం అయింది, ఇంకో ఆదివారం వచ్చింది. నాతో నా కింద పనిచేసే ఏఈ వచ్చేవాడు. బొగ్గు గని కార్మికుడి కొడుకు, కంపెనీ క్వార్టర్లలో పెరిగినవాడు. సన్నగా ఉంటాడు, అన్నిటికీ ముందే భయపడతాడు, అయినా పని ఆపడు. ఓనరు ఇచ్చిన చాయ్ తాగకుండా పక్కన పెట్టి, "మేడం, గిది ఊడుతది," అనేవాడు ప్రతిసారీ. పోలీసుల సాయంతో తీయించాలని పైకి రాశాను. జవాబు వచ్చేలోపు వాన వచ్చింది.

అడవిలో ఆగకుండా కురిసింది. ఆ పొద్దున నేను స్పిల్‌వే మీద ఉన్నాను. నాలుగు గేట్లు ఎత్తి ఉన్నాయి, ఐదోది ఎత్తే పనిలో ఉన్నాం. ఏఈ కాలనీ వైపు కట్ట చూడటానికి వెళ్లాడు. అక్కడి నుంచి ఫోన్ చేశాడు.

"మేడం, తెప్ప ఊడింది. ఒక్క ఇనుప తాడు మీద ఆగి ఉన్నది. గదీ తెగుతది."

గేటు ఎత్తినప్పుడు దాని కింద నీళ్లు గుంజే బలం చూసినవాళ్లకే తెలుస్తుంది. అంత బరువైన ఇనుము ఆ వేగంతో వచ్చి గేటు కింద ఇరుక్కుంటే, ఆ గేటు మళ్లీ దిగదు, ఎక్కదు. గేటును పట్టి ఉంచే ఇనుప చేతులు విరిగి గేటే కొట్టుకుపోతే, కింది ఊళ్ల మీదికి ఒక్కసారిగా నీళ్లు పోతాయి. తెప్పను తాళ్లతో పట్టి కాలనీ ముందరి లోతు లేని నీళ్లలోకి గుంజగలిగితే అది బురదలో కూర్చుంటుంది. కానీ గేట్లు ఎత్తి ఉన్నంతసేపు ఆ గుంజుడులో ఏ పడవా నిలవదు. గేట్లు దించాలి. దించితే పైనుంచి వచ్చే వరద ఎటూ పోలేక ప్రాజెక్టులో నీటి మట్టం పెరుగుతుంది. పెరిగిన నీళ్లు మొదట ఎక్కేది కాలనీ కింది గల్లీల్లోకి.

ఈఈ సారుకు ఫోన్ చేశాను. "గేట్లు దించొద్దు మేడం. ఇన్‌ఫ్లో పెరుగుతున్నది. నిండు మట్టం దాటితే కట్టకే ముప్పు," అన్నాడు. ఆయన చెప్పిందీ తప్పు కాదు. మట్టికట్ట మీదుగా నీళ్లు దుమికితే ఇక ఏమీ మిగలదు. తెప్ప ఒక్క తాడు మీద ఉందని చెబుతుండగా లైను కట్ అయింది. మళ్లీ కలవలేదు.

గేట్ల ఆపరేటర్‌ను మోటారు దగ్గరే ఉండమని చెప్పి జీపులో కాలనీకి వెళ్లాను. వాన కొంచెం తగ్గింది. ఒడ్డున మగవాళ్లంతా నిలబడి చూస్తున్నారు. తెప్ప పక్కకు ఒరిగి, నీటి పోటుకు ఊగుతోంది. రేకుల హోటలు సగం కూలింది. ఎవరో వెనక నుంచి, "మంచిగైంది," అన్నారు.

నేను అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. తెప్ప గేట్లకు తగిలితే ఏమవుతుందో, ఎలా గుంజాలనుకుంటున్నానో చెప్పాను. గేట్లు దించితే వాళ్ల ఇళ్లకు ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పాను. "పడవలు మీవి, ఇండ్లు మీవి. వద్దంటే వద్దు. నేను వేరే ఏమైనా చూసుకుంట," అన్నాను. వేరే ఏమీ లేదని నాకు తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది.

ఒకతను ముందుకొచ్చాడు. "వాని తెప్పకు మేమెందుకు సావాలె? వాన్నే పొమ్మనుండ్రి."

అధ్యక్షుడు నీళ్ల వైపు చూస్తున్నాడు. "గుంజొచ్చు," అన్నాడు చివరికి. "మా పడవలతోని కాదు. వాని రెండు మోటారు పడవలు ఇయ్యమనుండ్రి."

ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. "గేట్లు ఎంతసేపు దించుతవు మేడం?" అని అడిగింది.

"తెప్ప మెరక ఎక్కేదాంక. మట్టం నిండు గీతకు వస్తే మాత్రం ఆగను. తెప్ప యాడున్నా గేట్లు లేపుత."

"ఇండ్లల్లకు ఎంత వస్తయి?"

"మోకాలు దాంక రావచ్చు. ఎక్కువ కూడా రావచ్చు. నాకు ఖాయంగ తెల్వది."

ఆమె వెనక్కి తిరిగి గల్లీ వైపు చూసింది. కింది వరసలో రెండో ఇల్లు వాళ్లదే. "కింద ఊర్ల మా పెద్దబిడ్డ ఉన్నది. ఇక్కడోళ్ల సుట్టాలు అందరు ఆడనే ఉన్నరు," అంది, నాతో కాదు, ముందుకొచ్చిన ఆ మనిషితో. తర్వాత నాతో, "దించు మేడం. మేం సామాన్లు చర్చిల పెట్టుకుంటం," అంది.

అంతే. ఆడవాళ్లు ఇళ్లలోకి ఉరికారు. బియ్యం సంచులు, మంచాలు, టీవీలు, కోళ్ల గంపలు చర్చి మెట్ల మీదికి ఎక్కడం మొదలైంది. కొలువుల మీద ఆశపడ్డ వాళ్లా, వద్దన్నవాళ్లా అని ఎవరూ చూడలేదు. ముసలివాళ్లను చేతుల మీద ఎత్తుకుపోయారు.

ఓనర్ అప్పుడే వచ్చాడు. పడవల తాళాలు అడగకముందే ఇచ్చాడు. "నా జేసీబీ తెస్త. ఒడ్డు మీదికెళ్లి తాడు పట్టి గుంజుతది," అన్నాడు. అధ్యక్షుడు తాళాలు తీసుకుని, "రేకులకు తాడు కట్టను. కింది ఫ్రేముకే కడుత. పైది పోతే పోతది," అన్నాడు. ఓనర్ తలూపాడు.

గేటు దగ్గరికీ పడవకూ మాట అందాలంటే ఒకరు పడవలో ఉండాలి. ఏఈ వాకీటాకీ తీసుకున్నాడు. అతనికి ఈత రాదని నాకు తెలుసు. వద్దన్నాను. "మట్టం లెక్క నాకు చెప్పరాదా మేడం, వాళ్లకు నేను చెప్త. వేరేటోళ్లకు సమజ్ కాదు," అన్నాడు. లైఫ్ జాకెట్ బెల్టు రెండుసార్లు బిగించుకున్నాడు. మత్స్య సంఘం మనుషులు ఇద్దరు అతన్ని పడవ నడుమ కూర్చోబెట్టారు.

నేను స్పిల్‌వేకు తిరిగొచ్చి గేట్లు దించమన్నాను. ఆపరేటర్ ఒకసారి నా మొహం చూశాడు. "రాసి ఇయ్యాల్నా?" అని అడిగాను. "వద్దు మేడం," అని బటన్ నొక్కాడు. ఒక్కో గేటు దిగుతుంటే కింద నీళ్ల హోరు తగ్గింది. ఆ నిశ్శబ్దం నాకు హోరు కంటే భయంగా అనిపించింది. గోడ మీది కొలబద్ద మీద నీళ్లు ఎక్కుతూ పోవడం కళ్లతో చూస్తూ నిలబడ్డాను.

తర్వాతిదంతా నాకు వాకీటాకీలో వినబడింది, దూరంగా కొంత కనబడింది. మొదటి పడవ తెప్పను చేరింది. అధ్యక్షుడు వంగి ఫ్రేముకు తాడు బిగించాడు. రెండో పడవ రెండో మూలకు వెళ్లింది. సరిగ్గా అప్పుడు మిగిలిన ఇనుప తాడు తెగింది. తెప్ప గిరుక్కున తిరిగి మొదటి పడవ మీదికి వచ్చింది. వాకీటాకీలో కాసేపు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను ఏఈని పిలిచాను. మళ్లీ పిలిచాను.

"ఉన్నం మేడం," అన్నాడు చివరికి. "అధ్యక్షుని చెయ్యి నలిగింది. తాడు ఇడిసిపెట్టలే. మట్టం ఎంత?"

నిండు గీతకు జానెడు కింద ఉందని చెప్పాను. కాలనీలోకి నీళ్లు వచ్చాయని అతను చెప్పాడు. వాళ్ల ఇళ్ల గుమ్మాలు మునగడం ఆ పడవల్లోని వాళ్లందరికీ కనబడుతూనే ఉంది. పడవలు ఆగలేదు. అంగుళం అంగుళం గుంజుతూ తెప్పను పాత వాగు లోతులోంచి పక్కకు తెచ్చారు. ఒడ్డు నుంచి సంఘం మనుషులు ఛాతీ లోతు నీళ్లలోకి దిగి ఇంకో తాడు అందించారు. ఆ తాడు కొసను ఓనర్ తన చేతులతోనే జేసీబీ బకెట్‌కు చుట్టాడట. ఇది తర్వాత విన్నాను.

కొలబద్ద మీద నీళ్లు గీతను తాకాయి. ఆపరేటర్ నా వైపు చూశాడు. నేను వాకీటాకీ ఎత్తి, "లేపుతున్న. అందరు ఒడ్డుకు పోండ్రి," అన్నాను.

"ఇంకొక్క గుంజుడు మేడం," అన్నాడు ఏఈ.

ఆగకూడదు. మొదటి గేటు లేపమన్నాను. గేటు కదిలింది. నీటిలో మళ్లీ గుంజుడు మొదలవడం నాకు పై నుంచే కనిపించింది. తెప్ప ఒక్కసారి మా వైపు మళ్లింది, జేసీబీ తాడు బిగుసుకుంది, అలాగే నిలిచింది. తర్వాత ఇంకో గేటు, ఇంకో గేటు. నీళ్లు దిగుతున్న కొద్దీ తెప్ప ఒక పక్కకు ఒరిగి, కాలనీ ముందరి బురదలో కూలబడింది.

అధ్యక్షుడి కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. మా ఏఈ ఒడ్డు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఎవరో చాయ్ ఇస్తే తాగాడు. కింది గల్లీల్లో నీళ్లు పోయాక మోకాలి లోతు బురద మిగిలింది. ఒకరి గోడ కూలింది. వారం పాటు కొందరు చర్చిలోనే వండుకుని తిన్నారు.

నాకు మెమో వచ్చింది. పై అనుమతి లేకుండా వరదలో గేట్లు ఎందుకు దించావని. జవాబు రాసుకుని ఈఈ సారు దగ్గరికి వెళ్లాను. ఆయన చదివి, పక్కన పెట్టి, "నేనే దించమన్న అని రాసిన," అన్నాడు.

"మీరు వద్దన్నరు గద సార్."

"లైను కట్ అయింది గద. కట్ అయినంక దించమన్న." పక్కన పెట్టిన నా కాగితం తిరిగిచ్చాడు. "షరతు మన చేతుల ఉంటదని అన్నది నేనే గద మేడం."

ఆయన రిటైర్మెంటు కాగితాలు ఆ విచారణ మూలంగా చాలాకాలం ఆగాయి. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి ఆఫీసుల చుట్టూ తిరిగాడు. నా మీద మాత్రం కేసు లేకుండా పోయింది. ఆ రోజుల్లో ఎప్పుడు కలిసినా ఆ సంగతి ఎత్తనిచ్చేవాడు కాదు, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడేవాడు.

రేవు సంగతి తేల్చడానికి మళ్లీ సమావేశం పెట్టారు. ఈసారి కాలనీలోనే, చర్చిలో. పెద్ద అధికారి వచ్చాడు. ఓనర్ వెనక వరసలో కూర్చున్నాడు. తెప్ప లేకుండా, చిన్న రేవు, వానాకాలం మూసేస్తానని అతని తరఫున ఎవరో చదివారు. అధికారి మత్స్య సంఘం వైపు తిరిగి, మీరేమంటారని అడిగాడు. అధ్యక్షుడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని భార్య వైపు చూశాడు.

ఆమె లేచి నిలబడింది. అధికారితో కాదు, నాతో మాట్లాడింది.

"ఆ దినం నువ్వొచ్చి మమ్ములను అడిగినవు మేడం, ఇండ్లల్లకు నీళ్లు రావాల్నా వద్దా అని. ఆన ఆగలే, తెప్ప ఆగలే, గసోంటి టైంల సుత అడిగినవు. అడిగినవు గన్క మేం ఇచ్చినం. గా స్తంభాలు పాతంగ తీరుబాటుగ ఉన్నరు గదా అందరు. గప్పుడు ఒక్కలన్న అడిగిన్రా?"

అధికారి రాసుకుంటున్న పెన్ను ఆపాడు. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. కిటికీలోంచి ఇనుప స్తంభాలు వరసగా కనబడుతున్నాయి. ఆ తర్వాతి ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయాక ఓనర్ జేసీబీతోనే వాటిని పీకేశారు.